అభ్యంతరం నంబరు ఒకటి

లంగరుపేట రేవులో క్రేను నడిపే జగ్గారావుని అడిగితే, ఈ జన్మలో తనకి రెండే రెండు ఘోరాలు జరిగాయంటాడు. మొదటిది పన్నెండేళ్ళ కిందటిది. ఉక్కు కర్మాగారం జట్టుతో బాస్కెట్‌బాల్ ఫైనలు. ఆట ముగియడానికి ఇంకా రెండు సెకన్లుందనగా మైలపల్లి విక్టర్ అనేవాడు సగం మైదానం అవతల నుంచి బంతి గిరాటేసి, తిన్నగా బుట్టలో పడేసి, మనవాళ్ళ చేతికందిన కప్పు ఎత్తుకుపోయాడు. రెండోది, పన్నెండేళ్ళూ గడిచి వాడికి ముప్పై ఆరేళ్ళు వచ్చాక, అదే విక్టర్‌ని మన రేవు ట్రస్టువాళ్ళు ఏరికోరి మన జట్టులోకి తెచ్చుకోవడం.

తెచ్చుకుంటే తెచ్చుకున్నారు, బదులుగా దామోదర్‌ని ఇచ్చేశారు. అసలు మంట అక్కడ. దామోదర్‌కి ఇరవై రెండేళ్ళు. మూడో గోదాము వెనకాల ఉన్న కోర్టులో అటు కొస నుంచి ఇటు కొసకి వాడు బంతి కొట్టుకుంటూ వస్తుంటే, సిమెంటు మెట్ల మీద కూర్చున్నవాళ్ళకి నోట్లో బఠాణీలు నమలడం కూడా గుర్తుండేది కాదు. ఇరవై నాలుగేళ్ళుగా ఆ మెట్లలో మూడోదాని మీద కూర్చుని, క్రేను సైగలకి వాడే ఈలతో చెవులు చిల్లులు పొడుస్తున్న జగ్గారావుకి వాడంటే ప్రాణం.

ఇదంతా ఛైర్మన్‌గారికి పట్టిన పిచ్చి. ఆయన ఏదో దేశం వెళ్ళి రేవుల నిర్వహణ మీద సదస్సు విని వచ్చారు. సదస్సులో ఏం విన్నారో తెలీదు గాని, సాయంత్రాలు హోటల్లో టీవీ చూశారు. అక్కడ జట్లు ఆటగాళ్ళని ఒకరికొకరు మార్చుకుంటాయనీ, దాన్ని ట్రేడ్ అంటారనీ, పాత మొనగాణ్ణి తెచ్చుకుంటే జట్టుకి బరువు వస్తుందనీ గ్రహించారు. తిరిగొచ్చిన మర్నాడే, "ప్రపంచమంతా మార్చుకుంటుంటే మనం చేతులు కట్టుకుని కూర్చోవడమేమిటి?" అని అడిగారు. అందరూ చేతులు కట్టుకునే, నిజమేనండి అన్నారు.

రేవు రెండు ముక్కలైపోయింది. గేటు ఎదురుగా కామేశు టీ కొట్టు ఉంది. కామేశు విక్టర్ మనిషి. ఒక గ్లాసు కడుగుతూ మొదలెట్టాడంటే పది గ్లాసులు కడిగేదాకా విక్టర్ గొప్పే.

"అనుబవం రా జగ్గా, అనుబవం! ఆడు కోర్టులో ఊరికే నిలబడినా సాలు, అవతలోడికి సెమట్లు పట్టీస్తాయి."

"నిలబడతాడు. నిలబడ్డానికేటి, దీపస్తంబం కూడా నిలబడతాది," అన్నాడు జగ్గారావు. "పరిగెట్టమను సూద్దాం. ముప్పయ్యారేళ్ళు! మోకాలు పోయింది, నడుం పోయింది. దామోదర్‌ని ఇచ్చీసి ఈ ముసిలోణ్ణి తెత్తారా? బుద్దుండి సేసీ పనేనా ఇది?"

"నీకు పన్నెండేళ్ళ నాటి కడుపుమంటరా."

"కడుపుమంటే! ఉంతాది. ఉండదేటి?"

కూలీలు, గుమాస్తాలు, తూకం వేసేవాళ్ళు, ఓడల్లోంచి దిగిన సరంగులు కూడా అటో ఇటో చేరిపోయారు. భోజనాల గంట కొట్టాక గంటన్నరైనా ఎవడూ లోపలికి కదలడంలేదు. ఇంతవరకూ ఇది మామూలు గొడవే. ఏ ఊళ్ళోనైనా ఆట చూసేవాళ్ళు ఇలాగే అరుచుకుంటారు, సాయంత్రానికి గొంతు పోయి ఇంటికెళ్ళి మజ్జిగన్నం తిని పడుకుంటారు. లంగరుపేటలో అలా జరగలేదు. ఎందుకంటే మధ్యలో ఉమామహేశ్వరం గారున్నారు.

ఉమామహేశ్వరం గారు క్రీడా విభాగం సూపరింటెండెంటు. చెడ్డవాడు కాడు. పాత కాగితం ఎదురుగా లేనిదే కొత్త కాగితం రాయలేడు, అంతే. మనిషిని ఇచ్చి మనిషిని తీసుకోమని ఛైర్మన్‌గారు ఆదేశించారు. దానికి నమూనా ఏదీ? మూడు రోజులు బీరువాలన్నీ దులిపించగా మార్పిడి అన్న మాట ఉన్న ఫైలు ఒకే ఒక్కటి దొరికింది. ఇరవై ఏళ్ళ కిందట మన రేవు ఒక పాత టగ్గుని, అదే, ఓడల్ని తాళ్ళు కట్టి లోపలికి లాక్కొచ్చే చిన్న పడవని, వేరే రేవుకిచ్చి వాళ్ళ టగ్గు తెచ్చుకున్న ఫైలు. ఉమామహేశ్వరం గారు కళ్ళకద్దుకున్నారు. టగ్గు పేరున్నచోట మనిషి పేరు పెట్టి, మిగతాది అక్షరం పొల్లుపోకుండా దింపేశారు.

గేటు పక్క నోటీసు బోర్డు మీద ఇలా వెలిసింది:

"ప్రకటన. ఈ రేవుకు చెందిన దామోదర్ (22 సం.)ను ఇచ్చి, ఉక్కు కర్మాగారమునకు చెందిన విక్టర్ (36 సం.)ను తీసుకొనుటకు నిర్ణయించడమైనది. సదరు మార్పిడిపై అభ్యంతరములు గలవారు ముప్పది దినములలోగా లిఖితపూర్వకముగా తెలుపవలెను. అభ్యంతరములు పరిష్కారమగునంతవరకు తీసుకొన్నదానిని లంగరు వేసి ఉంచవలెను. అడుగుభాగమును నాచు, తుప్పు నిమిత్తము తనిఖీ చేయవలెను. సముద్ర పరీక్షలో నెగ్గిన పిమ్మటనే వినియోగములోనికి తేవలెను."

చదివిన కామేశు జగ్గారావు భుజం మీద చరిచాడు. "ఇన్నాళ్ళూ నా కొట్టుకాడ అరిసేవు గదా. ఇప్పుడు అడుగుతన్నారు, రాయి. దమ్ముంటే రాయి!"

పదిమంది చూస్తున్నారు. జగ్గారావుకి వెనక్కి తగ్గడం తెలీదు. కామేశు కొట్లోనే టీ మరక పడ్డ కాగితం తీసుకుని రాసేశాడు: 'విక్టర్ ముసలివాడు. మోకాలు పనికిరాదు. దామోదర్‌ని ఇవ్వడం అన్యాయం. ఇట్లు, పి. జగ్గారావు, క్రేను నంబరు నాలుగు.' ఉమామహేశ్వరం గారు దాన్ని రెండు చేతులా అందుకుని, రిజిస్టరు తెరిచి, ఎర్ర సిరాతో 'అభ్యంతరం నంబరు 1' అని వేసి, రసీదిచ్చారు. తన మాటకి జీవితంలో మొదటిసారి నంబరు పడింది. ఆ రసీదు ఇంటికి తీసుకెళ్ళి జగ్గారావు భార్యకి చూపించాడు.

నూకరత్నం చదివి తిరిగిచ్చేసింది. "ఓలమ్మో, ఎదవ గొడవ నోటితో పోయేది. దాన్ని కాయితం మీద పెట్టీసినావా? ఇంక ఇది సస్తే సావదు," అంది.

నెల తిరిగేసరికి నాలుగు వందల పన్నెండు అభ్యంతరాలు వచ్చాయి. విక్టర్ ఎడమచేతి వాటం అశుభమని ఒకడు, ఏడో నంబరు బనీను తన మేనమామ తొడిగినదనీ ఇంకెవరికీ ఇవ్వకూడదనీ ఇంకొకడు. కామేశు ఊరుకుంటాడా, అభ్యంతరాలు చెప్పేవాళ్ళ మీదే అభ్యంతరం రాశాడు. క్యాంటీన్లో సాంబారు నీళ్ళగా ఉంటోందని కూడా ఒకటి వచ్చింది. ఉమామహేశ్వరం గారు అన్నిటికీ నంబర్లు వేశారు. సాంబారుది మూడువందల ఆరు.

ఈలోగా దామోదర్ ఉక్కు కర్మాగారానికి వెళ్ళిపోయాడు. అక్కడ టగ్గు ఫైలు లేదు కాబట్టి వెళ్ళిన రోజే ఆడాడు, ముప్పై ఒక్క పాయింట్లు కొట్టాడు. విక్టర్ ఇక్కడికి వచ్చాడు. ఆరడుగుల నాలుగంగుళాల మనిషి, చెవుల దగ్గర కాస్త నెరుపు. రేవు జట్టు నీలం బనీను చేతికిస్తే మొహం అందులో దాచుకున్నాడని చూసినవాళ్ళు చెప్పారు. తొడుక్కుని కోర్టులోకి దిగబోతుంటే ఉమామహేశ్వరం గారు రెండు చేతులూ అడ్డంపెట్టారు.

"క్షమించాలి. నిబంధన ప్రకారం తమరిని లంగరు వేసి ఉంచాలి."

"అంటే ఏటి సార్?"

"ఆ విషయంపై కూలంకషంగా చర్చించాం. మనిషి విషయంలో లంగరు అంటే బెంచీ అని నిర్ధారించడమైనది."

కోర్టు పక్కన ఒక చెక్క బెంచీ వేసి దాని మీద విక్టర్‌ని కూర్చోబెట్టారు. రేవు ఆవరణలో బంతికి మూడడుగుల లోపు రాకూడదు. దొర్లుకుంటూ బంతే ఆయన దగ్గరికొస్తే కాళ్ళు పైకెత్తి కూర్చోవాలి. సాయంత్రం ఆట జరుగుతున్నంతసేపూ ఆ పెద్దమనిషి బెంచీ మీద కాళ్ళు ఎత్తుతూ దించుతూ ఉండేవాడు. ఆ ఏడు రేవు జట్టు లీగులోనే పోయింది.

మూడో మెట్టు మీద కూర్చున్న జగ్గారావు మొదట్లో బాగా నవ్వాడు. పన్నెండేళ్ళ బాకీ తీరుతోందనుకున్నాడు.

తర్వాత అడుగుభాగం తనిఖీ వచ్చింది. ఓడల సర్వేయరు చిన్న సుత్తి, దీపం పట్టుకుని వచ్చాడు. విక్టర్‌ని రెండు బల్లల మీద పడుకోబెట్టి, అరికాళ్ళు చూసి, మోకాళ్ళ మీద సుత్తితో తట్టి, చెవి పెట్టి విని, 'నాచు లేదు. ఎడమ మోకాలిలో స్వల్పంగా తుప్పు. రంగు వేయనక్కరలేదు' అని రాసిచ్చాడు. ఆపైన సముద్ర పరీక్ష. విక్టర్ లంగరుపేట బెస్తవాడ బిడ్డే కాబట్టి సరిపోయింది గాని, మరొకడైతే పైకి తేలేవాడు కాడు. దీపస్తంభం దాకా ఈది వెనక్కి వచ్చాడు. వేగం, మలుపు, నీళ్ళలో ఎంత లోతు మునిగాడు అన్నీ లెక్క రాశారు. అన్నిటా నెగ్గాడు. బంతి వేయగలడా లేదా అన్నది మాత్రం ఎవరూ పరీక్షించలేదు, ఆ గడి టగ్గు నమూనాలో లేదు.

ఆ తర్వాత వారం రోజులకి, ఒక ఉదయం డ్యూటీకి వస్తూ జగ్గారావు బెస్తవాడ మలుపులో సైకిలు ఆపేశాడు. కరెంటు స్తంభానికి అడుగు ఊడిన చేపల గంప కట్టి ఉంది. దాని ముందు విక్టర్. గేటు బయట నిబంధనలు లేవు కదా, అందుకని రోజూ ఇక్కడికొచ్చి ఆడుకుంటున్నాడన్నమాట. జగ్గారావు ఒక కాలు నేలమీద ఆనించి చూస్తూ ఉండిపోయాడు. ఎడమ మోకాలు కొంచెం ఈడుస్తున్నమాట నిజమే. కాని బంతి చేతిలోంచి వదిలినప్పుడు, అదే చెయ్యి, అదే మణికట్టు. పన్నెండేళ్ళ కిందట తన గుండె ఆగిపోయేలా చేసిన చెయ్యి. వందకి తొంభై నాలుగు. లెక్కపెట్టడం ఎప్పుడు మొదలెట్టాడో జగ్గారావుకే తెలీదు.

"రోజూ ఈడకే వొత్తావేటి బాబూ?" అన్నాడు చివరికి.

"వొత్తానన్నియ్యా. లేపోతే సెయ్యి మరిసిపోద్ది," అన్నాడు విక్టర్. చెమట తుడుచుకుని, గేటు వైపు చూపించాడు. "పద్దెనిమిదేళ్ళప్పుడు ఆ గేటుకాడికొచ్చి జట్టులో ఏసుకోమని అడిగేను. కాళీ నేదన్నారు. ఉక్కోళ్ళు పిలిస్తే ఎల్లిపోయేను. ఎన్ని కప్పులు కొట్టినా... మా వాడోళ్ళు ఆ మెట్ల మీద కూకుని నాను ఓడిపోవాలని అరిసీవోరు. నీలం బనీనేసుకుని ఒక్క ఆట, అన్నియ్యా. ఒక్కటాడితే సాలు. ఇంక దిగిపోతాను."

జగ్గారావు సైకిలు దిగి స్టాండు వేశాడు. ఆ మెట్ల మీద అందరికంటే గట్టిగా అరిచినవాడు ఎవడో విక్టర్‌కి తెలీదా?

"నీమీద మొట్టమొదట రాసింది నానే," అనేశాడు.

"తెలుసు. నకలు నాకూ ఇచ్చేరు. క్రేను నంబరు నాలుగు." విక్టర్ నవ్వాడు. "మోకాలు సంగతి నిజవే గదా."

జగ్గారావు డ్యూటీ ఎక్కలేదు. తిన్నగా ఉమామహేశ్వరం గారి బల్ల ముందుకెళ్ళి నిలబడ్డాడు. "నా కాయితం నాకిచ్చీండి సార్. తప్పు రాసీసినాను. సింపీసుకుంతాను."

ఉమామహేశ్వరం గారు టగ్గు ఫైలు మొదట్నించి చివరిదాకా తిరగేశారు. "ఇందులో ఎవరూ ఉపసంహరించుకున్నట్టు దాఖలా లేదే. దాఖలా లేనిదాన్ని నేనెలా ఆమోదించగలను? మీరు కావాలంటే లిఖితపూర్వకంగా ఇవ్వండి, తగు చర్య నిమిత్తం పైకి పంపుతాను."

జగ్గారావు రాసిచ్చాడు. 'విక్టర్ ముసలివాడు కాడు. నేను కళ్ళారా చూశాను. ఆడనివ్వండి.' దానికీ ఎర్ర సిరాతో నంబరు పడింది. 'అభ్యంతరం నంబరు 413. విషయం: నంబరు 1పై అభ్యంతరం.'

విచారణకి భుజంగరావు గారిని నియమించారు. ఎక్కడో పెద్ద హోదాలో పనిచేసి దిగినాయన. నెలకి రెండు గురువారాలు వస్తారు, గురువారానికి నాలుగు అభ్యంతరాలు వింటారు. ఒక్కటి కూడా తొందరపడి వినరని ఆయనకి పేరు. మొదటి గురువారం మొదటి పిలుపు జగ్గారావుదే.

"అభ్యంతరదారు కుడివైపు కుర్చీలో ఆసీనులు కావాలి. ప్రతివాది ఎడమవైపు." భుజంగరావు గారు కాగితాలు చూసుకున్నారు. "ప్రతివాది, అనగా నాలుగు వందల పదమూడు, హాజరయ్యారా?"

"అదీ నానే సార్."

భుజంగరావు గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. "ఇరుపక్షాల వాదనా విననిదే నిర్ణయం చేయుట సహజ న్యాయసూత్రాలకు విరుద్ధం. మీరు ముందు కుడివైపు కూర్చుని అడగండి. పిమ్మట ఎడమవైపు కూర్చుని జవాబు చెప్పండి."

ఏం చెయ్యమంటారు? జగ్గారావు కుడి కుర్చీలో కూర్చుని, విక్టర్ ముసలోడు సార్ అన్నాడు. లేచి, చుట్టూ తిరిగి, ఎడమ కుర్చీలో కూర్చుని, కాడు సార్, నాను సూసేను, వొందకి తొంబైనాలుగు, అన్నాడు.

"నంబరు ఒకటి దీనికేమంటారు?"

మళ్ళీ లేచాడు. "నంబరు ఒకటి ఒట్టి ఎదవ సార్! ఆడి మాట ఇనకండి!"

"వ్యక్తిగత దూషణ కూడదు," అన్నారు భుజంగరావు గారు. "అభ్యంతరదారుగా మీకు అవమానం జరిగినచో విడిగా ఫిర్యాదు చేసుకోవచ్చు."

గంటసేపు కుర్చీలు మారి మారి జగ్గారావుకి మోకాళ్ళు పట్టేశాయి. చివరికి ఆయన రాయించినది ఇది: 'నంబరు 1 దృఢంగాను, నంబరు 413 అంతకంటే దృఢంగాను వాదించినందున, మిగిలిన నాలుగు వందల పదకొండింటిని విన్న పిదప తుది నిర్ణయం.'

నాలుగేళ్ళ నాలుగు నెలలు పట్టింది.

ఆ నాలుగేళ్ళూ విక్టర్ పొద్దున్నే గంప దగ్గర బంతి వేశాడు, సాయంత్రం బెంచీ మీద కాళ్ళెత్తాడు. జగ్గారావు పొద్దున్న గంప కింద నిలబడి బంతి అందించాడు, సాయంత్రం మూడో మెట్టు మీద ఈల జేబులోంచి తీయకుండా కూర్చున్నాడు. రేవు జట్టు నాలుగుసార్లూ లీగులోనే పోయింది. కామేశు కొట్లో తగాదాలు ఆగిపోయాయి. తొంభై నాలుగు తొంభై అయింది. తొంభై ఎనభై అయింది. అరవై దగ్గరికొచ్చాక జగ్గారావు పైకి లెక్కపెట్టడం మానేశాడు. ఒక్క సాంబారు మాత్రం బాగుపడింది. మూడువందల ఆరు విచారణకి వస్తుందని తెలిసి క్యాంటీను కాంట్రాక్టరు ముందే పప్పు ఎక్కువ వేశాడు.

తీర్పు వచ్చిన రోజు గేటు దగ్గర జనం మూగారు. ఉమామహేశ్వరం గారే పైకి చదివారు.

"అభ్యంతరం నంబరు 1: విక్టర్ వృద్ధుడు, మోకాలు పనికిరాదు. ఇది దాఖలైన నాటికి పూర్తిగా నిరాధారమని, విక్టర్ ఆ సమయమున సర్వవిధాల సమర్థుడని ఈ విచారణలో రుజువైనది. అయితే నేటి తేదీన తనిఖీ చేయించగా, వయస్సు నలభై దాటినట్లు, ఎడమ మోకాలు పూర్తిగా తుప్పుపట్టినట్లు తేలినది. కావున అభ్యంతరదారు ముందుచూపును అభినందిస్తూ అభ్యంతరం నంబరు 1ని ఆమోదించడమైనది. మార్పిడి రద్దు. తీసుకొన్నదానిని తిరిగి అప్పగించవలెను. ఇచ్చినదానిని తిరిగి తెచ్చుకొనవలెను."

ఎవడో చప్పట్లు కొట్టాడు. నెగ్గింది జగ్గారావు కదా మరి. జగ్గారావు వాడి మీదకి కొట్టడానికి వెళితే కామేశు పట్టుకుని ఆపాడు.

ఆ రాత్రి జగ్గారావు అన్నం ముట్టలేదు. "నాను సంపీసినాను ఆణ్ణి," అన్నాడు. నూకరత్నం ఆ పూట వెక్కిరించలేదు. "నువ్వొక్కడివే కాదులే, నాలుగొందల పన్నెండుమందున్నారు," అంది, కంచం తీసేస్తూ.

మర్నాడు పొద్దున్న విక్టర్ ఉక్కు కర్మాగారానికి వెళ్ళే బస్సెక్కాలి. నీలం బనీను స్టోర్సుకి అప్పగించి రసీదు తీసుకోవాలి. జగ్గారావు స్టోర్సు తలుపు దగ్గరే పట్టుకున్నాడు. "గంట ఆగు. ఎక్కడా సంతకం ఎట్టకు." బెస్తవాడ మలుపు దాకా లాక్కెళ్ళాడు. కామేశు కొట్టు మూసి వచ్చాడు, నూకరత్నం వచ్చింది, ఇంకో పాతికమంది వచ్చారు. విక్టర్ ఆ బనీను తొడుక్కుని గంప ముందు నిలబడ్డాడు. జగ్గారావు జేబులోంచి ఈల తీసి నాలుగేళ్ళ ఊపిరంతా ఒక్కసారే ఊదాడు.

మొదటి బంతి స్తంభానికి తగిలింది. రెండోది గంప అంచు మీంచి జారిపోయింది. మూడోది పడింది. పాతికమందీ అరిచిన అరుపుకి రేవులో కొంగలు లేచాయి. విక్టర్ ఇంక వెయ్యలేదు. బంతి జగ్గారావు చేతికిచ్చి, "సాలన్నియ్యా, మా వోళ్ళు నాకోసం అరిసేరు," అని బనీను విప్పి మడతపెట్టాడు.

దామోదర్ తిరిగొస్తున్నాడని తెలిశాక జగ్గారావు కొంచెం తేరుకున్నాడు. వాడికిప్పుడు ఇరవై ఆరు దాటాయి, ఇంకా మంచి వయసే. కాని మార్పిడి రద్దు చెయ్యడం కూడా ఒక మార్పిడే కదా అని ఉమామహేశ్వరం గారు ఆలోచించారు. వారం తిరక్కుండా బోర్డు మీద ప్రకటన వెలిసింది. ముప్పది దినములలోగా, లిఖితపూర్వకముగా. లంగరు, నాచు, తుప్పు, సముద్ర పరీక్ష, అన్నీ ఉన్నాయి. దామోదర్‌ని తెచ్చి అదే బెంచీ మీద కూర్చోబెట్టారు.

"బాబాయ్, ఏటిది?" అన్నాడు దామోదర్.

"ముప్పై రోజులు, అంతే. కాళ్ళెత్తుకుని కూకో. ఒక్క కాయితం పడనివ్వను," అన్నాడు జగ్గారావు.

పడనివ్వలేదు. నెల రోజులు సెలవు పెట్టి, బోర్డు కింద కుర్చీ వేసుకుని, క్యారేజీ పక్కన పెట్టుకుని కాపలా కాశాడు. ఎవడి జేబులోనైనా పెన్ను కనిపిస్తే చాలు, లేచి నిలబడేవాడు. ఎడమచేతివాటం అశుభమన్నవాణ్ణి చెయ్యి పట్టుకుని బతిమాలాడు. మేనమామ బనీనువాడికి టీ తాగించాడు. కామేశు తన కొట్లో కాగితమన్నదే లేకుండా తీసేసి బజ్జీలు ఆకుల్లో ఇచ్చాడు. ముప్పయ్యో రోజు సాయంత్రం ఉమామహేశ్వరం గారు రిజిస్టరు తెరిచి చూశారు. తెల్లగా ఉంది, ఎర్ర సిరా చుక్క లేదు. జగ్గారావు కామేశుని ఎత్తి గిరగిరా తిప్పాడు.

"ఇంక దించండి సార్ మావోణ్ణి కోర్టులోకి!"

ఉమామహేశ్వరం గారి మొహంలో మాత్రం సంతోషం లేదు. "ఇక్కడే చిక్కు వచ్చిపడింది. అభ్యంతరములు పరిష్కారమైన పిమ్మట అని ఉంది. అసలు అభ్యంతరమే రాకపోతే దేనిని పరిష్కరించాలి? పరిష్కారం లేనిదే ఫైలు ముగియదు. ఫైలు ముగియనిదే లంగరు ఎత్తరాదు." గొంతు తగ్గించారు. నిజంగానే సాయం చేద్దామనే ఆయన ఉద్దేశం. "ఒక్కటి ఉంటే చాలు. చిన్నది. గంటలో తేలిపోయేది. ఆఫీసు మూసేలోగా మీరే ఇవ్వండి, పుణ్యముంటుంది."

జగ్గారావు బోర్డు వైపు చూశాడు, బెంచీ మీద దామోదర్ వైపు చూశాడు. పెన్ను తీసుకున్నాడు. ఈసారి బాగా ఆలోచించి, ఒక్కో అక్షరం కూడబలుక్కుని రాశాడు: 'నాకు ఏ అభ్యంతరమూ లేదు.'

ఎర్ర సిరా పడింది. అభ్యంతరం నంబరు 1.

తర్వాతి గురువారం భుజంగరావు గారు వచ్చారు. ఇప్పుడు ఆయనకి కళ్ళజోళ్ళు రెండు. కాగితాన్ని ఒక జోడుతో ఒకసారి, రెండో జోడుతో ఒకసారి చదివారు.

"తమకు అభ్యంతరం లేదని తమ అభ్యంతరం. బాగుంది. దీనికి ఆధారం?"

"ఆదారవేటి సార్, లేనిదానికి?"

"ఆధారం చూపనిదే అంగీకరించలేను. మీకు అభ్యంతరం లేదని నాకెలా రుజువవుతుంది? పైగా పూర్వం ఇదే విషయంలో తమకు అభ్యంతరం ఉన్నట్టు, అది నెగ్గినట్టు, ఫైలులోనే ఉంది."

జగ్గారావుకి ఒళ్ళు మండిపోయింది. నాలుగేళ్ళ కిందటైతే బల్ల ఎత్తి పడేసేవాడు. ఇప్పుడు కళ్ళలో నీళ్ళొచ్చాయి. కిటికీ దగ్గరికెళ్ళి, తలుపు బార్లా తోసి, కోర్టు వైపు చెయ్యి చూపించాడు. అక్కడ కుర్రాళ్ళు ఆడుతున్నారు. బంతి దొర్లుకుంటూ బెంచీ దగ్గరికొచ్చింది. దామోదర్ కాళ్ళు పైకెత్తాడు.

"అదిగో సార్ ఆదారం. ఆ బెంచీ. నాలుగేళ్ళు ఒకణ్ణి కూకోబెట్టి ముసిలోణ్ణి సేసీసింది. ఇప్పుడు ఈడు కూకున్నాడు. ఇంతకన్నా ఏటి కావాలి మీకు? లెగిసి ఒక్కసారి సూడండి!"

భుజంగరావు గారు లేచి చూడలేదు. గుమాస్తా వైపు తిరిగి నింపాదిగా రాయించారు. "అభ్యంతరదారు బెంచీని ఆధారముగా చూపినందున, సదరు బెంచీని స్వాధీనపరచుకొని ఫైలుకు జతచేయవలెను. వయస్సు నిర్ధారణ నిమిత్తం తనిఖీకి పంపవలెను. వాయిదా."

సాయంత్రం నాలుగింటికి ఇద్దరు బంట్రోతులు వచ్చి, కాస్త లేవండి బాబూ అని, బెంచీకి చెరోవైపు పట్టుకుని ఆఫీసులోకి మోసుకుపోయారు.

అప్పట్నుంచి దామోదర్ నిలబడే ఉన్నాడు.